రొయ్యది ఏ వర్స అని సముద్రం దాక పోయిన

"రొయ్య చేప కానప్పుడు మరేందో చెప్పు. చెప్పినంకనే పో."

"నీ మనుమరాలే చెప్పె గదనే. తేలు చుట్టమట, పురుగు వర్సనట. నన్నేమడుగుతవు?"

"చిన్నపిల్ల మాట పట్టుకొని అంగడిల లొల్లి పెడతవా బాలవ్వ?"

"పెట్టకుంటె ఏంజెయ్యాలె? ఇన్నేండ్ల సంది మిరుగం నాడు నీ గంపల రొయ్యలే కొంటున్న. చేపలనుకొనే తింటున్న. ఇప్పుడు పురుగులంటివి. మరి నేను ఇన్ని మిరుగాలు చేసినట్టా, చెయ్యనట్టా?"

"తిన్నదంత అరిగింది గద. ఇంకేం లెక్క?"

"అరుగుడు లెక్క కాదు వదినె, దగ్గు లెక్క. పోయిన వానకాలమంత దగ్గిన. ఎందుకు దగ్గిననో ఇయ్యాల ఎర్కయింది."

అనుకుంట బాలవ్వ నేను పొట్లం గట్టిచ్చిన ఎండు రొయ్యలు మళ్ళ నా గంపలనే పోసింది. తన ఎల్లిగడ్డల గంప నెత్తికెత్తుకున్నది. అంగడి ఆ కొసకు, గాజులమ్మే ఆమె పక్కకు పోయి కూసున్నది.

ఇది ఎల్లారెడ్డి వారం అంగడిల, మిరుగం నాటి పొద్దుగాల జరిగింది. తెల్వనోళ్ళకు చెప్తున్న. మిరుగం అంటె మృగశిర కార్తె, అది సొచ్చిన నాడు మా దిక్కు చేప వండని పొయ్యి ఉండదు. ఆ నాడు ఒక్క ముక్కన్న కడుపుల పడితె వానకాలం దగ్గు, దమ్ము దగ్గరికి రావని పెద్దలు చెప్పిన్రు. బాలవ్వ చిన్నప్పుడు చేపముల్లు గొంతుల ఇరికి సచ్చి బతికింది. గప్పటి సంది ముల్లున్నది నోట్ల పెట్టది. అందుకనే ఏటేటా మిరుగానికి నా దగ్గర ఎండు రొయ్యలు కొంటది. నేను ఎండుచేపలు అమ్ముత. ఆమె ఎల్లిగడ్డ, ఎండు మిర్ప అమ్ముతది. పెండ్లయి ఈ ఊరికొచ్చినప్పటి సంది మా రెండు గంపలు పక్కపక్కనే.

నా మనుమరాలు మౌనిక కామారెడ్డిల డిగ్రీ చదువుతది, జంతువుల సదువు. ఆ నాడు కాలేజి లేదని నా ఎంబడి కూసున్నది. కూసున్నది ఊకె కూసోక "అవ్వా, రొయ్య చేప కాదు, పీత, తేలు, రొయ్య ఒక్క తెగ" అని బాలవ్వకు పాఠం చెప్పింది. ఇగ అంతే.

## పక్క జాగ

ఒక అంగడి పోయింది, రెండు పోయినయి. బాలవ్వ తిరిగి రాలేదు. ఆమె జాగల ప్లాస్టిక్ బకీట్లోడు వచ్చి కూసున్నడు. వానికొక మైకు. ఒక్కటే మాట పొద్దుందాక ఒర్లుతది. బాలవ్వ ఉంటె ఒక చాయ్ తెచ్చుకొని ఇద్దరం సగం సగం తాగుదుము. ఇప్పుడు నిండు చాయ్ నేనొక్కదాన్నే కొనాలె. సగం చల్లారిపోతది, పారబొయ్య మనసొప్పదు.

బతుకమ్మ నాడు కూడ ఆమె ఇంకో ఆడోళ్ళ గుంపుల కలిసి ఆడింది. నన్ను చూసి చూడనట్టే చప్పట్లు కొట్టింది. ఆ నాడు ఇంటికొచ్చి మౌనికను గట్టిగనే అడిగిన.

"రొయ్య చేప కాదని ఎవలు చెప్పిన్రే నీకు?"

"పుస్తకంల ఉన్నది నాయినమ్మ."

"పుస్తకం రాసినోడు రొయ్య పట్టిండా?"

అది నవ్వింది. "దీపావళి ఎల్లినంక మా క్లాసోళ్ళం విశాఖపట్నం సముద్రం కాడికి పోతున్నం. అక్కడ పట్టేటోళ్ళే ఉంటరు. ఆడపిల్లలం ఎక్కువున్నం, ఎంబడి ఒక పెద్ద ఆడమనిషి ఉంటె మంచిదని మా రేణుక మేడం చూస్తున్నది. వస్తవా?"

"ఖర్చెవలిది?"

"వచ్చే పెద్దమనిషికి బండి, తిండి అంత కాలేజిదే."

నేను నాలుగో తరగతి కాడ ఆగినదాన్ని గని, గీ లెక్క చెయ్యడానికి గంత సదువు అక్కెర లేదు. పైస పడకుండ సముద్రం వస్తున్నది. పట్టినోని నోటెంబడే మాట తెచ్చి బాలవ్వ ముంగట పెడుదమనుకున్న. రొయ్య చేపనే అని వాళ్ళు అంటె లొల్లి తెగినట్టే. కాదంటె ఏంజెయ్యాల్నో అప్పుడు ఆలోచించలేదు.

## కామారెడ్డి

రైలు సాయంత్రానికి గని, నేను పొద్దుగాలనే బస్సెక్కిన. కామారెడ్డిల నాకు సరుకిచ్చే సేటు దుకాణం ఉన్నది. నెత్తళ్ళు, రొయ్యలు, పట్టీ చేపలు, అన్ని ఆయన దగ్గరనే మూటలు కట్టించుకొస్త. పనిలో పని, ఆయననూ అడిగిన.

"సేటు, రొయ్య చేపనా, కాదా?"

ఆయన తక్కెడ దించకుండనే చెప్పిండు. "అమ్ముడువోతె చేపే అవ్వా. మిగిలితె చెత్త."

వ్యాపారస్తుని మాట. సాక్ష్యానికి పనికిరాదు.

స్టేషన్ల రేణుక మేడం నా సంచి చూసి "ఇంత బరువేందమ్మా" అన్నది. జొన్నరొట్టెలు, ఎల్లిపాయకారం, ఉల్లిగడ్డలు. రైలుల అమ్మేటియి కొంటె ఒక్క పూట తిండికయ్యే పైసలతోని మా ఇంట్ల రెండు దినాలు ఎల్లుతది. పిల్లలు మొదట నవ్విన్రు. చిప్సు పొట్లాలు అయిపోయినంక ఒక్కొక్కలు నా పక్కకు జరిగిన్రు. బిచ్కుంద పిల్ల ఒకామె వాళ్ళమ్మతోని ఫోన్ల మరాఠీ మాట్లాడుకుంటనే నా చేతిల రొట్టె తుంపుకొని తిన్నది. తనూ పల్లిపొడి తీసి నా రొట్టె మీద ఏసింది. మా పల్లిపొడి కన్న ఎల్లిపాయ ఎక్కువ. బాగున్నది.

## రైలుల తాపీమేస్త్రి

మా ముంగట సీట్ల శ్రీకాకుళం దిక్కు మనిషి కూసున్నడు. హైదరాబాదుల ఇండ్లు కట్టే పనికి వచ్చి చెల్లె పెండ్లికి పోతున్నడు. మా రొయ్య ముచ్చట చెవుల పడ్డట్టున్నది, తనే కల్పించుకున్నడు.

"మామ్మా, తిమింగలం సేప కాదు, తెలుసా? పిల్లకి పాలిస్తాది. మన గేదిలాగే."

"నీళ్ళల్ల పాలెట్లిస్తది?"

"ఎలాగిస్తాదో నాకేటి తెలుసు. ఒకపాలి మా ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పెద్దోల్లు పసుపు కుంకం ఎట్టి, దండేసి, గొయ్యి తీసి పెట్టినారు. సేపకెవరైనా అలా సేస్తారా?"

అంత పెద్దది, నీళ్ళల్లనే పుట్టి నీళ్ళల్లనే ఉండేది చేప కానప్పుడు, వేలంత లేని రొయ్య సంగతి ఏం చెప్పాలె. నా కేసు కొంచెం బలం తగ్గిందని అనిపించింది. రొట్టె ఇయ్యబోతె తను ఒద్దన్నడు. ఇచ్చిన.

## రాళ్ళ ఒడ్డు

సముద్రం చూసినోళ్ళు చూడనోళ్ళకు పెద్దపెద్ద మాటలు చెప్తరు. నాకు మొదట అనిపించింది చెప్త. గిన్ని నీళ్ళున్నయి, ఒక్క మడి పారది. గిది మా నిజాంసాగర్ల ఉంటె ఎంత పంట. గట్ల అనుకుంటుండంగనే ఒక అల వచ్చి నా చీర మోకాళ్ళ దాక తడిపి పోయింది.

నీళ్ళు ఎనుకకు జరిగినప్పుడు ఒడ్డుకు నల్లటి రాళ్ళు తేలుతయి. రాళ్ళ మధ్యల గుంతలు, గుంతలల్ల నీళ్ళు. మేడం పిల్లలను ఒక్కో గుంత కాడ కూసోబెట్టింది. రాయి మీద కాలు పెట్టిన్నో లేదో సర్రున కోసుకున్నది. సున్నం బొబ్బల లెక్క రాయి నిండ గరుకు గరుకుగ ఏందో అంటుకొని ఉన్నది.

"పాడు రాయి" అన్న.

"అది రాయి కాదమ్మా, ప్రాణమున్నది" అన్నది మేడం. "నీళ్ళల్లున్నప్పుడు చూడండి."

వంగి చూసిన. గుంతల ఉన్న బొబ్బలు నెత్తి మీద చిన్న తలుపు తీసి, ఈకలసొంటి చెయ్యి బయటపెట్టి, నీళ్ళు దువ్వుతున్నయి. లోపలికి, బయటికి. గింజలు చెరిగినట్టే ఉన్నది.

"ఇది ఎవల చుట్టమో చెప్పండి" అన్నది మేడం.

"నత్తల చుట్టం. మీద గుల్ల ఉన్నది గద."

"కాదు. మీ రొయ్య చుట్టం."

నేను నమ్మలేదు. రొయ్య ఉరుకుతది, ఇది రాయికి అతుక్కొని సస్తది. మొఖాలు కలుస్తయా, నడకలు కలుస్తయా? అప్పుడు మేడం చెప్పింది, "పుట్టినప్పుడు ఇదీ రొయ్యపిల్ల లెక్కనే ఈదుతదమ్మా. కాళ్ళకు కీళ్ళుంటయి. కొన్నొద్దులకు ఒక జాగ చూసుకొని నెత్తితోని రాయికి అతుక్కుంటది. చుట్టు గోడ కట్టుకుంటది. అందుకే మేము పైరూపం చూడం. లోపల ఒళ్ళు ఎట్ల కట్టింది, పిల్లప్పుడు ఎట్లున్నది, అది చూసి వర్స కలుపుతం."

గీ మాట నాకు బాగ అర్థమైంది. మేము సంబంధం చూసేటప్పుడు పిల్లగాని రంగు, ఎత్తు చూసి చుట్టరికం చెప్తమా? ఇంటిపేరడుగుతం, తాతపేరడుగుతం. ఎక్కడో దుబాయిల సూటు బూటేసుకున్నోడు, ఇక్కడ గొర్లు కాసేటోడు ఒక్క ఇంటిపేరోళ్ళు కావచ్చు. ఒక్కతీరుగ కనవడే ఇద్దరు ఏమీ కాకపోవచ్చు.

ఆ పొద్దు ఎన్ని ఇంటిపేర్లు చూసిన్నో. నీళ్ళల్ల పువ్వు విచ్చుకొని ఉంటె వేలు పెట్టిన, అత్తిపత్తి లెక్క ముడుచుకున్నది. పువ్వు కాదు, జంతువేనట, అదీ చేపపిల్లలను తింటదట. పల్లేరుకాయను గుమ్మడికాయంత చేస్తె ఎట్లుంటదో అట్ల ముండ్లముద్ద ఒకటి. ఐదు చేతుల చుక్క ఒకటి. ముండ్లముద్ద, చుక్క ఇద్దరు దగ్గరి పాలోళ్ళట. తలకాయ లేకుండ, తోక లేకుండ ఎట్ల బతుకుతున్నయో. మా దిక్కు చెరువుల నాకు తెలిసింది రవ్వ, బొచ్చ, కొర్రమట్ట, పీత, నత్త. దాంతోనే లోకం ఒడిసిందనుకున్న.

గవ్వలాట ఆడడానికి పనికొస్తయని ఒడ్డు మీద గవ్వలు, గుల్లలు ఏరి కొంగుల ముడేసుకున్న. కొనేదుంటె ఎవలు కొంటరు. బస చేసిన కాడ చాప మీద కూసుంటె నడుము కాడ కొంగు మెల్లగ నడుస్తున్నది. చూస్తుండంగనే పుటుక్కున గిచ్చింది. నా అరుపుకు పిల్లలందరు ఉరికొచ్చిన్రు. ముడి ఇప్పితె ఒక గుల్లల నుంచి ఎర్ర కాళ్ళు బయటికొచ్చినయి.

"ఇదొక తీరు పీత నాయినమ్మ" అన్నది మౌనిక. "దీనికి సొంతిల్లు లేదు. సచ్చిపోయిన నత్త గుల్లల దూరి ఉంటది. ఒళ్ళు పెరిగితె ఇంకో గుల్ల ఎతుక్కుంటది."

"అంటె కిరాయిదారు."

"కిరాయి కూడ కట్టది."

కిరాయి కట్టనోడు నాకు నచ్చకున్నా, ఇల్లు ఊడగొట్టిన పాపం నాకెందుకని పొద్దుగూకంగ మళ్ళ పోయి నీళ్ళల్ల ఇడిచి వచ్చిన. అదీ రొయ్య తెగనేనట. ఎక్కడ పోయినా ఈ రొయ్య చుట్టాలే ఎదురొస్తున్నరు.

## రేవుల నూకాలు

తెల్లారి పడవల రేవుకు తీసుకపోయిన్రు. నేను అసలు వచ్చింది ఇందుకే. అంత వాసన, అంత లొల్లి, అంత సరుకు. నా ప్రాణం లేచొచ్చింది. గని సిగ్గు చెప్పుకోవాలె, నేను బతుకంత అమ్మిన చేపలను నేనే గుర్తుపట్టలేదు. నా గంపకు వచ్చేవరకు అవి బల్లపరుపుగ, ఉప్పు పట్టి, కొన్ని తలకాయలే లేకుండ ఉంటయి. అక్కడ గుండ్రంగ, మెరుసుకుంట, కండ్లు తెరిచి ఉన్నయి. మా అంగడిల పట్టీ చేప అని అమ్ముత గద, ఏదో పెద్ద చేపను చీరి పట్టీలు కోస్తరని ఇన్నేండ్లు గిరాకీలకు చెప్పిన. రేవుల చూస్తె ఆ చేపనే అంత పొడుగు. కొత్త వెండి మొలతాడు లెక్క, తలకాయ, పండ్లు అన్ని ఉన్నయి. మౌనిక నా మొఖం చూసి నోరు మూసుకున్నది. ఇంటికొచ్చినంక నవ్విందట.

ఎండబోసిన చేపల కాడ నా ఈడుదే ఒకామె కూసొని ఉన్నది. పేరు నూకాలు. నేనూ ఇదే యాపారమని చెప్తె గోనెసంచి జరిపి జాగ ఇచ్చింది.

"ఏ ఊరప్పా?" అక్కను వాళ్ళు అప్ప అంటరు.

"ఎల్లారెడ్డి. కామారెడ్డి దగ్గర."

"సముద్రం లేదేటి అక్కడ?"

"లేదు."

"మరెలా బతుకుతన్నారు?" అన్నది. అడిగింది నిజంగనే.

నేను అడగవలసింది అడిగిన. "చెల్లె, రొయ్య చేపనా, కాదా?"

"సేప సేపే, రొయ్య రొయ్యే. ఇందులో అడగడానికేటుందప్పా? ఒక్క గంపలో ఏస్తామేటి?" నిజమే. ఒక దిక్కు చేపలు, ఒక దిక్కు రొయ్యలు, ఒక దిక్కు పీతలు. ఇంకో దిక్కు పది చేతుల మెత్తటి జీవాలు, అవి నత్త తెగ అని మౌనిక చెవుల చెప్పింది. పుస్తకం రాసినోడు, రొయ్య పట్టినోడు ఒక్కటే మాట చెప్పిన్రు. నా కేసు కొట్టేసిన్రు.

నా మొఖం చూసి నూకాలు సంగతేందని అడిగింది. బాలవ్వ సంగతంత చెప్పిన. ముల్లు ఇరికింది, మిరుగం, దగ్గు, బకీట్లోని మైకు అన్ని. ఆమె నవ్వలేదు. పక్క గోనె కింది నుంచి చెయ్యంత ముక్క ఒకటి తీసి నా చేతుల పెట్టింది.

"విరువు."

విరిచిన. నడుమ బొక్క లేదు, ముండ్లు లేవు. ఒక్క మెత్తటి కడ్డీ, చెవి తమ్మె లెక్క ఒంగుతున్నది.

"సొర. దీనికి ఎముకే నేదు. సేపే, అందరికన్నా పాత సేప అంటారు సదువుకున్నోలు. మా కాడ బాలింతలకి పెడతారు."

"నిజంగ చేపనా?" అని మౌనికను అడిగిన. ఈసారి దాని మాట ఇంటె నాకు లాభం.

"చేపనే నాయినమ్మ. బొక్కలున్న చేపలొక తెగ, మెత్తటి కడ్డీ ఉన్న చేపలొక తెగ. ఇది రెండోది."

బేరమాడిన. నూకాలు కూడ తక్కువ తినలేదు, కామారెడ్డి సేటు ఎంత తింటున్నడో నాతోనే చెప్పించి ఆ లెక్కన ధర కట్టింది. ఆఖరికి ఇద్దరికి నచ్చిన కాడ తెగింది. మీది నుంచి గుప్పెడు నెత్తళ్ళు ఏసింది. మిగిలిన జొన్నరొట్టె, ఎల్లిపాయకారం ఆమెకిచ్చిన. కొరికి చూసి, "బెల్లం ఎయ్యరేటి?" అన్నది. అక్కడ కూరల కూడ బెల్లమేస్తరు. పప్పుల బెల్లం నేను రెండు దినాలు తిన్న, ఇగ చాలు.

"దీని వాసన మామూలు వాసన కాదప్పా. బాగా కడిగి, ఉడకబెట్టి వండమను" అన్నది. ఎండుచేపలమ్మేదానికి వాసన చెప్తున్నది అనుకున్న.

## సీసాల గది

ఆఖరు పూట ఒక కాలేజిల సీసాలున్న గది చూసినం. గోడల నిండ సీసాలు, సీసాకో పేరు. దూరపు చుట్టాలు దూరం, దగ్గరోళ్ళు దగ్గర, అరలరలుగ పెట్టిన్రు. ఒక అద్దాల పెట్టెల ఎర్రటి చెట్టుకొమ్మ ఉన్నది.

"పగడం" అన్నది మేడం. "చెట్టు కాదు, రాయి కాదు. చిన్న చిన్న జంతువులు కట్టుకున్న ఇల్లు."

నా చెయ్యి మెడ మీదికి పోయింది. పుస్తెలతాడుల రెండు పగడాలున్నయి, మా అత్త కట్టిచ్చినయి. నేను సోమారం నీసు ముట్టను. నీసు వండిన గిన్నె కూడ ముట్టను. గట్ల ఇన్నేండ్ల సంది సోమారం పొద్దు మెడల ఏం ఏసుకొని పూజ చేసిన్నో ఇప్పుడు తెలిసింది. ఆ పక్క అరలనే శంఖం, ముత్యం, గవ్వ. అన్ని జీవాల ఒంటి నుంచి వచ్చినయే. సముద్రం చూడలేదు చూడలేదు అనుకుంటె, మా ఎల్లారెడ్డి ఇంట్ల దేవుని అర్రలనే సగం సముద్రమున్నది.

బాలవ్వ మెడల కూడ పగడాలున్నయి. ఆమె శనారం నీసు ముట్టది. ఈ సంగతి ఆమెకు చెప్పొద్దని అక్కడనే ఒట్టు పెట్టుకున్న. ఒక్క లొల్లి చాలు.

## తిరుగుబాట

నూకాలు చెప్పింది అబద్ధం కాదు. రైలు కదిలినంక సొర ముక్కల వాసన డబ్బంత ఎక్కింది. పిల్లలు ముక్కుకు చున్నీలు కట్టుకున్నరు. మా సీట్ల కూసున్న కొత్తోళ్ళు ఒక్కొక్కలు లేచి అవుతలికి పోయిన్రు. నేను కాళ్ళు చాపుకొని కామారెడ్డి దాక మంచిగ నిద్రపోయిన. ఎల్లారెడ్డి బస్సుల కండక్టరు "అవ్వా, ఆ సంచిల ఎవలున్నరు?" అని అడిగి నా సంచిని ఎనుక డోరు కాడ పెట్టించిండు. టికెట్టు మాత్రం ఏమీ తగ్గియ్యలేదు. ఆడోళ్ళకు బస్సు ఫిరీనే గద, ఇంకేం తగ్గిస్తడని మౌనిక నవ్వింది.

దీపాలు పెట్టే యాళ్ళకు బాలవ్వ ఇంటి ముంగట నిలబడ్డ. ఆమె వాకిట్ల ఎల్లిగడ్డలు పొట్టు దులుపుతున్నది. తలెత్తలేదు.

"రొయ్య చేప కాదు" అన్న. "సముద్రం కాడికి పోయి పట్టేటోళ్ళను అడిగొచ్చిన."

"అదే గద నేనన్నది."

"ఇది చేప. ముల్లు లేదు. ఇరిచి చూడు." పొట్లం గడప మీద పెట్టిన.

ఆమె ఇరిచి చూసింది. మళ్ళ ఇరిచి చూసింది. నేను నిలబడకుండ ఇంటికి మళ్ళిన.

## తెల్లారి

తెల్లారి అంగడి. నేను పరదా పరిచి ఈసారి సరుకు వేరే తీరుగ పెట్టిన. చేపలు ఒక దిక్కు, రొయ్యలు ఇంకో దిక్కు, నడుమ చెయ్యంత ఎడం ఇడిచిన. పట్టీ చేపలు కోసినయి కావని వచ్చిన గిరాకీలకు చెప్పిన. ఎవలూ పట్టించుకోలేదు.

కొద్దిసేపటికి బకీట్లోని మైకు ఆగింది. చూస్తె బాలవ్వ నెత్తి మీద గంప పెట్టుకొని వాని ముంగట నిలబడ్డది.

"జరుగు కొడుకా. ఇది నా జాగ."

వాడు గులుగుకుంట బకీట్లు ఎత్తుకున్నడు. బాలవ్వ గంప దించి కూసున్నది. కొంగుతోని మొఖం తుడుచుకున్నది.

"రాత్రి ఒండిన" అన్నది. "ముల్లయితె లేదు వదినె. గని అదేం కంపే తల్లీ. మా ఆయన చాప తీసుకొని పక్కింటోళ్ళ అరుగు మీద పండుకున్నడు."

"ఉడకబెట్టి నీళ్ళు పారబోసినవా?"

"నువ్వు చెప్పినవా? గడప మీద పెట్టి ఉరికితివి." గంపల ఎల్లిగడ్డలు సదురుకుంట, "వచ్చే మిరుగానికి ఒక్క ముక్క తెప్పియ్యి. ముక్కు మూసుకొని మింగుత. ఇప్పటికి పావుకిలో రొయ్యలు జోకు" అన్నది.

"రొయ్య చేప కాదు."

"చేపనని ఎవలన్నరు? రొయ్యలే అడుగుతున్న."

జోకిన. మీది నుంచి ఏమీ ఎయ్యలేదు. ఆమె పొట్లం కట్టుకొని, అంగడి కొసకు పోయి ఒక్క చాయ్ తెచ్చి, సగం నా గిలాసల పోసింది.